సర్పంచ్ కుర్చీ, డిజిటల్ కీ: విశాఖ ప్రత్యేక కోర్టులో ఒక అట్రాసిటీ కేసు

కులం పేరుతో తిట్టారన్న కేసులు ఎందుకు వీగిపోతాయో విశాఖ జిల్లా కోర్టులో ఏ జూనియర్‌ని అడిగినా ఒకటే చెబుతారు: సాక్షులు ఎదురు తిరిగారు. అక్కడితో చర్చ ఆగిపోతుంది. సాక్షులు ఎదురు తిరుగుతారని ముందే తెలిసినప్పుడు కేసును వాళ్ల మీద ఎందుకు నిలబెడుతున్నాం అని ఎవరూ అడగరు. ఈ కేసులో ఆ ప్రశ్న అడగాల్సి వచ్చింది. బాధితురాలి తరఫున ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి (పీపీ) సహకరించిన న్యాయవాదిగా ఇది రాస్తున్నాను. ఊరు, మండలం చెప్పను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఆమెను ఇక్కడ సర్పంచ్ అనే పిలుస్తాను. ఆ మాట కోసమే కదా గొడవంతా.

నేపథ్యం

ఉమ్మడి విశాఖ జిల్లాలో ఒక మోస్తరు పంచాయతీ. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వ్ అయింది. అంతకుముందు పెత్తనమంతా ఒకే ఇంటిది. ఆ ఇంటిపెద్దను మాజీ అందాం. రిజర్వేషన్ వల్ల ఆయన పోటీ చేయలేడు. చేయలేకపోయినా పదవి చేజారకుండా ఏర్పాటు చేసుకున్నాడు. తన తమ్ముడి కొడుకును వార్డు సభ్యుడిగా గెలిపించి ఉపసర్పంచ్‌ని చేశాడు. సర్పంచ్‌గా ఎవరుండాలో రామాలయం అరుగు మీద తేల్చాడు. ఆమె భర్త మాజీ పొలాన్నే కౌలుకు చేస్తున్నాడు, కొంత అప్పు కూడా ఉంది. అంతకంటే పెద్ద అర్హత వాళ్లు వెతకలేదు.

ఎస్సీ కాలనీ నుంచే ఇంకొకామె కూడా నామినేషన్ వేసింది. గడువులోగా ఉపసంహరించుకుంది. ఎన్నిక ఏకగ్రీవం అయింది. ఊరికి మంచి పేరు వచ్చింది, ప్రోత్సాహక నిధులు వస్తాయన్నారు. పార్టీ గుర్తులు లేకుండా జరిగే పంచాయతీ ఎన్నికలో పోటీ కూడా లేకుండా చేస్తే ఇక ఓటరుకు మిగిలేదేమిటో ఏకగ్రీవాలను మెచ్చుకునేవాళ్లు చెప్పాలి.

ఇక్కడొక మాట. ఉత్తరాంధ్ర బయటివాళ్లకు ఇది తెలియకపోవచ్చు. ఇక్కడ చాలా ఊళ్లలో భూమి, పెత్తనం ఉన్న కులాలు ప్రభుత్వ జాబితాలో బీసీలే. కోస్తా జిల్లాల లెక్కన 'అగ్రకులం' అని రాసుకుంటూ పోతే ఇక్కడి కేసు అర్థం కాదు. డిఫెన్సు వాళ్లు మొదటి రోజే, 'మేమూ వెనకబడినవాళ్లమే' అన్నారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 చూసేది నిందితుడు ఎస్సీనో ఎస్టీనో కాదా అన్నది మాత్రమే. అతను ఓసీనా బీసీనా అన్నది దానికి పట్టదు. ఆ వాదన కోర్టులో నిలబడలేదు గానీ బయట బాగా పనిచేసింది. 'బీసీలకీ దళితులకీ మధ్య చిచ్చు పెడుతున్నారు' అని రెండు పార్టీల నాయకులూ మాకు నీతులు చెప్పారు.

మొదటి ఏడాది ఊళ్లో అంతా ప్రశాంతమే. పంచాయతీ చెల్లింపులకు సర్పంచ్ పేరుతో డిజిటల్ సంతకం చేసే కీ ఉపసర్పంచ్ దగ్గర ఉండేది. తీర్మానాల పుస్తకం ఆయన ఇంటికి వెళ్లి వచ్చేది. ఆమె చెప్పిన చోట సంతకం పెట్టేది. తగువు మురుగుకాలువ దగ్గర మొదలైంది. 15వ ఆర్థిక సంఘం నిధులతో కాలనీకి సిమెంటు కాలువ వేయించాలని ఆమె అడిగింది. ముందు ఊళ్లో రోడ్డు పూర్తి కావాలన్నారు. రెండోసారి అడిగితే, 'నిన్ను కుర్చీలో కూర్చోబెట్టింది అడగడానికి కాదు' అన్నారు. 2022 జూన్‌లో ఆమె ఒక పని చేసింది. ఊళ్లో డిగ్రీ చదివిన మేనకోడలి చేత మండల అభివృద్ధి అధికారికి (ఎంపీడీఓ) లేఖ రాయించింది: నా డిజిటల్ కీ, పంచాయతీ రికార్డులు నాకు ఇప్పించండి అని. ఆఫీసులో ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకుంది. ఆ స్టాంపు విలువ అప్పటికి ఆమెకూ తెలియదు.

నా దగ్గరికి వచ్చిన రూపం

2022 ఆగస్టు 15న పంచాయతీ కార్యాలయం ముందు జెండా ఎగరేయాల్సింది సర్పంచ్. ఎనిమిదిన్నరకి రమ్మన్నారు. ఆమె వచ్చేసరికి జెండా పైనుంది, మిఠాయిలు పంచుతున్నారు. ఉపసర్పంచ్ ఎగరేశాడు. ఆమె అడిగింది. కులం పేరు పెట్టి తిట్టారు, కుర్చీ బయటికి విసిరారు. చుట్టూ ఓ అరవై డెబ్భై మంది ఉన్నారు.

స్టేషన్‌కి వెళ్తే సాయంత్రం రమ్మన్నారు. సాయంత్రం వెళ్తే పెద్దమనుషులు వచ్చి ఉన్నారు. మర్నాడు తెలిసిందేమిటంటే, ఆమె భర్త పంచాయతీ ఆఫీసు తలుపు పగలగొట్టాడని ఉపసర్పంచ్ వర్గం ఇచ్చిన ఫిర్యాదు మీద అదే రోజు ఎఫ్ఐఆర్ అయిపోయింది. ఆమె ఫిర్యాదు మాత్రం ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపాక, జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర దళిత సంఘాలు ధర్నా చేశాక నమోదైంది. 2018 సవరణతో చట్టంలో చేరిన 18ఎ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. సుప్రీంకోర్టు 2020లో ఆ సవరణను సమర్థించింది కూడా. స్టేషన్ గుమ్మం దగ్గర మాత్రం 'ఎంక్వయిరీ చేసి చూస్తాం' అన్న మాట ఇంకా చావలేదు.

నా దగ్గరికి వచ్చేనాటికి ఎఫ్ఐఆర్‌లో ఉన్నవి: సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్), వాటితోపాటు ఐపీసీ బెదిరింపు సెక్షన్. అంటే కేసంతా జనం చూస్తుండగా అవమానించారు, కులం పేరుతో తిట్టారు అన్న రెండు మాటల మీద ఉంది. ఎంతమంది విన్నారని అడిగాను.

'ఊరంతా సూసింది మేడమ్' అంది. కాసేపాగి, 'ఊరంతా ఆళ్ల పొలంలోకే ఎల్లాల కదా' అంది.

కేసు తీరు నాకు ఆ రెండో వాక్యంతోనే తెలిసింది. ఈ చట్టం కింద నేరం రుజువు కావాలంటే ఊరు నోరు విప్పాలి. ఊరి కూలి, కౌలు, అప్పు, ఇంటి ముందు దారి, అన్నీ నిందితుల చేతిలో ఉన్నాయి. ఏ అసమానత వల్ల నేరం జరిగిందో అదే అసమానత సాక్ష్యాన్ని కూడా మింగేస్తుంది. చుండూరు గుర్తొస్తుంది ఇలాంటప్పుడు. 1991 ఆగస్టు నాటి దళితుల ఊచకోతకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. అంత పెద్ద ఉద్యమం వెనకాల ఉన్న కేసుకే అలా జరిగితే, ఒక జెండా, ఒక తిట్టు ఉన్న కేసుకు సాక్షులెంతవరకు నిలబడతారు?

ముందు చేసిన ప్రయత్నాలు

పెద్దమనుషులు రాజీకి పిలిచారు. ఆమె భర్తకు మనసుంది. అప్పు మాఫీ అన్నారు, కౌలు కొనసాగుతుందన్నారు. నేను వెళ్లొద్దని చెప్పలేదు. వెళ్లండి, కానీ రాజీ షరతుల్లో డిజిటల్ కీ తిరిగి ఇవ్వడం ఉందో లేదో అడగండి అన్నాను. అడిగారు. లేదు. అప్పుడు భర్తకే అర్థమైంది, మాఫీ చేస్తున్నది కీ ధర అని. పైగా ఈ చట్టం కింద నేరాలు రాజీ పడదగ్గవి కావు. ప్రత్యేక పరిస్థితుల్లో హైకోర్టు మాత్రం కేసు కొట్టేయవచ్చని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఊళ్లో కాగితం మీద సంతకాలు పెట్టించుకుని అదే రాజీ అనుకుంటే కుదరదు.

అప్పట్లో సోమవారాల్లో అర్జీలు తీసుకునే ప్రభుత్వ కార్యక్రమం 'స్పందన'లో అర్జీలు ఇచ్చారు. అర్జీ కలెక్టరేట్ నుంచి జిల్లా పంచాయతీ అధికారికి (డీపీఓ), అక్కడి నుంచి ఎంపీడీఓకి, అక్కడి నుంచి పంచాయతీ కార్యదర్శికి దిగుతుంది. కార్యదర్శి 'సమస్య పరిష్కరించబడినది' అని రాసి పైకి పంపుతాడు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల గదిలోనే అర్జీ ప్రయాణం ముగుస్తుంది.

ఎఫ్ఐఆర్ నమోదు చేయని అధికారి మీద సెక్షన్ 4 కింద చర్య అడగాలని సంఘాల వాళ్లు గట్టిగా పట్టుబట్టారు. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు ఆ సెక్షన్ చెబుతుంది. చట్టపరంగా వాళ్ల కోరిక సబబే. నేను ఆపమన్నాను. దానికి ముందు శాఖాపరమైన విచారణ సిఫార్సు కావాలి. అది వచ్చేలోపు దర్యాప్తు చేసే అధికారి, ఆయన కింది స్టేషన్ సిబ్బంది మొత్తం మాకు ఎదురవుతారు. నాకు ఆ సమయంలో పోలీసుల నుంచి కావాల్సింది శిక్ష కాదు, సంతకాలున్న రికార్డుల స్వాధీనం. ఏది ముందు అన్నది ఎంచుకోవాలి. సంఘాల్లో కొందరు ఇప్పటికీ నాతో ఏకీభవించరు.

నిందితుల అరెస్టు జరగలేదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలు కాబట్టి అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) కింద, అరెస్టుకు బదులు హాజరు కమ్మనే 41ఎ నోటీసులిచ్చి వదిలేశారు. వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. కాలనీ ఆడవాళ్లను జీడితోటల్లో పనికి పిలవడం తగ్గించారు. ఎవరూ బహిష్కరణ అనలేదు, 'ఈసారి మనుషులు సరిపోయారు' అన్నారు.

కాగితాల వైపు తిరగడం

2015 సవరణ తర్వాత ఈ చట్టంలో 3(1)(ఎం) ఉంది. పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ పదవిలో ఉన్న ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని మామూలు విధులు చేసుకోనివ్వకుండా బలవంతపెట్టినా, బెదిరించినా, అడ్డుపడినా అది నేరం. దాని ముందున్న (ఎల్) ఓటు, నామినేషన్ గురించి. ఈ రెంటినీ ఎఫ్ఐఆర్‌లలో నేను చాలా అరుదుగా చూశాను. జనం ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చేది తిట్టు తగిలిన రోజున. రాసేవాళ్లూ తిట్టే రాస్తారు. ఏడాది పొడవునా కుర్చీ దక్కకపోవడం ఎవరికీ 'ఘటన'లా కనిపించదు.

తిట్టు గాలిలో పోతుంది. విన్నవాడు చెబితేనే ఉంది. పదవికి అడ్డుపడటం మాత్రం కాగితం మీద ఆనవాలు మిగులుస్తుంది, ఎందుకంటే ప్రభుత్వ ఆఫీసు ఏ పని చేసినా ఎక్కడో రాసుకుంటుంది. ఎవరి పేరుతో సమావేశం నోటీసు వెళ్లింది, ఎవరు తీసుకున్నట్టు సంతకం పెట్టారు, తీర్మానం కింద ఎవరి సంతకం ఉంది, డబ్బు ఏ రోజున ఏ కీతో కదిలింది. ఇవి చెప్పడానికి ఊళ్లో ఎవరి ధైర్యమూ అక్కర్లేదు.

సమాచార హక్కు చట్టం కింద మూడు చోట్ల దరఖాస్తులు పెట్టించాం. పంచాయతీ చెల్లింపుల వివరాలు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు, అందుకు దరఖాస్తు కూడా అక్కర్లేదు. ఆమె మేనకోడలు ఒక ఆదివారం కూర్చుని ఓచర్లన్నీ తేదీలవారీగా రాసుకొచ్చింది. దాన్ని చూస్తుండగా సర్పంచే పట్టుకుంది: 'ఈ తారీకుకి నాను కేజీహెచ్‌లో ఉన్నాను మేడమ్.' జులైలో ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మంచం మీద ఉన్న రెండో రోజున ఆమె డిజిటల్ సంతకంతో ఒక రోడ్డు బిల్లు చెల్లింపు జరిగింది. డిశ్చార్జి సమ్మరీ ఇంట్లో ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది.

కేసు పంట పండిందని ఇక్కడ తొందరపడకూడదు. ఆ కీ ఆమే ఇచ్చింది కదా అంటారు, అన్నారు కూడా. నిజమే, 2021లో ఆమే ఇచ్చింది. అందుకని నేను కేసును కుదించాను. జూన్ లేఖకు ముందు జరిగినవన్నీ నేపథ్యంగా మాత్రమే చెప్పాలని, నేరంగా ఆరోపించేది లేఖ తర్వాతి కాలాన్నే అని పీపీగారితో మాట్లాడుకున్నాం. లేఖకు ముందు అది ఊరి ఏర్పాటు అనొచ్చు, ఆమె ఇష్టంతో జరిగిందనొచ్చు. 'నా కీ నాకివ్వండి' అని రాసి స్టాంపు వేయించుకున్న తర్వాత ఇవ్వకపోతే దానికి అడ్డుపడటం అన్న పేరొక్కటే ఉంది. పదహారు నెలల అన్యాయంలో ఎక్కువ భాగాన్ని ఇలా వదులుకోవడం ఆమెకు నచ్చలేదు. ఎక్కువ ఆరోపిస్తే ఎక్కువ అనుమానం, ఆ అనుమానం మొత్తానికీ పాకుతుంది అని చెప్పి ఒప్పించాను.

ఎవరో వేరే వ్యక్తి ఆమె డిజిటల్ సంతకం వాడినందుకు ఐటీ చట్టం 66సి కూడా ఉంది. దాని జోలికి పోలేదు. దాన్ని తెస్తే దృష్టంతా బిల్లుల మీదికి, ఆడిట్ మీదికి మళ్లుతుంది. ఆడిట్ అభ్యంతరం వస్తే రికవరీ నోటీసు వచ్చేది సర్పంచ్ పేరు మీదే. ఆమె పెట్టని సంతకానికి ఆమే డబ్బు కట్టే పరిస్థితి మనమే తెచ్చినట్టవుతుంది. ఏకగ్రీవం నాటి నామినేషన్ ఉపసంహరణను (ఎల్) కింద తేవాలన్న ఆలోచనా వచ్చింది. ఉపసంహరించుకున్న ఆమె 'నా ఇష్టంతోనే' అని కాగితం మీద సంతకం పెట్టి ఉంది, ఇప్పుడు మాట్లాడనంది. వదిలేశాం.

కాగితాలు దొరికాయి సరే, వాటిని కోర్టులోకి ఎలా తేవాలి? తిన్నగా కోర్టుకిస్తే చార్జిషీటుకు బయటివి అన్న అభ్యంతరం వస్తుంది. అందుకని దర్యాప్తు అధికారికి ఇచ్చాం. ఈ చట్టం కింది నియమాల ప్రకారం డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి, అరవై రోజుల్లో ముగించాలి. మా కేసులో ఆ గడువు దాటి చాలా కాలమైంది, తిట్టు సెక్షన్లతోనే చార్జిషీటు పడిపోయింది. ఆ తర్వాత డీఎస్పీ మారారు. కొత్తాయనకు సీఆర్పీసీ సెక్షన్ 173(8) కింద తదుపరి దర్యాప్తు కోరుతూ వినతి ఇచ్చాం, నకలు ప్రత్యేక కోర్టులో దాఖలు చేశాం. తీర్మానాల పుస్తకం, నోటీసు రిజిస్టరు, కీ జారీ వివరాలు ఎవరి కస్టడీలో ఉన్నాయో వాళ్ల నుంచే ఆయన స్వాధీనం చేసుకున్నారు. అనుబంధ చార్జిషీటులో 3(1)(ఎం) వచ్చింది. ఆయన ఏ కులమో ఊళ్లో అప్పటికే చర్చ జరుగుతోంది. పాత డీఎస్పీ విషయంలోనూ ఇదే చర్చ. పోలీసు, జడ్జి, ప్లీడరు, ఎవరి పేరు విన్నా ముందు ఇంటిపేరు తీసి కులం లెక్కగట్టడం మన అలవాటు. తీర్పు రాకముందే తీర్పు మీద నమ్మకం పోయేది అక్కడే.

కుర్చీ సంగతి

క్రిమినల్ కేసు గెలిచినా కుర్చీ తిరిగి రాదు. పదవి ఐదేళ్లు. ప్రత్యేక కోర్టు చార్జిషీటు నుంచి వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం అంటుంది. విశాఖలో ఈ కేసులు నడిచే వేగం గురించి చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1996 డిసెంబరులో నాటి తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేసిన కేసులో విశాఖ ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2024 ఏప్రిల్ 16న. ఇరవై ఏడేళ్లు దాటాయి.

అందుకే వేరే దారిలో హైకోర్టులో రిట్ వేశాం. ఇందులో కులం మాట దాదాపు లేదు. ఎన్నికైన సర్పంచ్‌కి రికార్డులు, కీ అప్పగించేలా అధికారులను ఆదేశించండి, అంతే. కోర్టు ఆ వినతిని గడువులోగా పరిష్కరించమని కలెక్టరుకు చెప్పింది. సరిగ్గా అదే సమయంలో కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశం ఉంది. మూడు నెలలకోసారి జరగాల్సిన సమావేశం. అందులో ఒక సభ్యుడి ద్వారా ఇదే విషయం ఎజెండాలోకి వచ్చింది. డీపీఓ విచారణ జరిగి, పాత కీ రద్దయి కొత్తది ఆమె చేతికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు ముక్కలైనప్పటి నుంచి కలెక్టరు ఒకచోట, ప్రత్యేక కోర్టు విశాఖలో. ఒక్క కేసు కోసం రెండు ఊళ్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది గానీ ఈ ఒక్క విషయంలో ఆ దూరం మేలు చేసింది. కొత్త కలెక్టరేట్‌లో మాజీకి ఇంకా పరిచయాలు కుదరలేదు.

కాలనీ కాలువ ఆ ఏడాదే పడింది.

విచారణ

కంటితో చూసిన సాక్షులు కాలనీ నుంచి నలుగురు. ఇద్దరు నిలబడ్డారు, ఇద్దరు 'అక్కడే ఉన్నాను, ఏమన్నారో వినపడలేదు' అన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఒకాయన కొడుకు మాజీ ట్రాక్టరు మీదే డ్రైవరు. సాక్షులకు బస్సు చార్జీ, కనీస వేతనానికి తగ్గకుండా రోజు భత్యం ఇవ్వాలని 11వ నియమంలో ఉంది. మేం ప్రతి వాయిదాకీ అడిగి ఇప్పించుకున్నాం. వాయిదా పడ్డ రోజు కూడా కూలి పోకపోతే, మళ్లీ వచ్చే సాక్షి వస్తాడు. ఇది చిన్న విషయంలా ఉంటుంది. నిలబడిన ఇద్దరూ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగినప్పుడల్లా ముందు అడిగింది దీని గురించే.

పంచాయతీ కార్యదర్శి కీలకమయ్యాడు. అప్పటికి వేరే మండలానికి బదిలీ అయ్యాడు. తిట్టు గురించి అడిగితే, 'నేను జెండా తాడు సర్దుతున్నాను, వినలేదు' అన్నాడు. పీపీగారు వెంటనే ఆ ప్రశ్న వదిలేసి రిజిస్టరు ఇచ్చారు. ఇది మీ చేతిరాతేనా? అవును. సమావేశం నోటీసు సర్పంచ్ తీసుకున్నట్టు సంతకం ఎక్కడుంది? లేదు. ఎవరిది ఉంది? ఉపసర్పంచ్‌ది. కీ ఎవరి దగ్గర ఉండేది? కాసేపు మౌనం, తర్వాత, 'ఉపసర్పంచ్ గారి దగ్గర.' మాజీ గురించి నోటితో ఏమీ చెప్పని మనిషి, తన చేతిరాతను మాత్రం కాదనలేకపోయాడు. మాజీని కేసులోకి తెచ్చింది కూడా రిజిస్టరే. పదవీ లేకుండా, సభ్యుడూ కాకుండా ఆయన రెండు తీర్మానాల మీద 'సమ్మతం' అని సంతకం పెట్టాడు. అలవాటు!

డిఫెన్సు బలమైన వాదన మతం గురించి వచ్చింది. ఆమె చర్చికి వెళ్తుంది కాబట్టి ఎస్సీ కాదని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లకే ఎస్సీ హోదా. కోస్తాలో ప్రతి అట్రాసిటీ కేసులో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. క్రిస్మస్ రోజున ఆమె కేక్ కోస్తున్న ఫొటో తెచ్చారు. అత్తగారు ప్రార్థనకు వెళ్తుంది, ఆమె తీసుకెళ్లి దింపుతుంది, బాప్తిస్మం తీసుకోలేదు. శ్రీరామనవమి పందిట్లో కొబ్బరికాయ కొడుతున్న ఫొటో మా దగ్గరా ఉంది, కానీ ఫొటోకి ఫొటో పోటీ పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. దేవుడి విషయంలో ఆమెను బోనులో ప్రశ్నించే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది. దానికి బదులు 2021 నామినేషన్ పత్రం సర్టిఫైడ్ కాపీ తెప్పించాం. ఎస్సీ మహిళా రిజర్వుడు స్థానానికి, కుల ధ్రువపత్రం జతచేసి వేసిన నామినేషన్. దాని మీద ప్రతిపాదకుడి సంతకం ఉపసర్పంచ్‌ది. ఆమె ఎస్సీ అని చెప్పి ప్రతిపాదించిన మనిషే రెండో నిందితుడు. క్రాస్ ఎగ్జామినేషన్ ఆ అంశం మీద అక్కడితో ఆగింది. ఆమె కులం తమకు తెలియదనే వాదనకూ దీనితోనే తెరపడింది. బాధితురాలి కుటుంబం నిందితుడికి పరిచయమే అయితే కులం తెలుసనే కోర్టు భావించాలని సెక్షన్ 8(సి) ఎలాగూ చెబుతోంది.

ఈ జవాబు ఇకముందు ఇంత తేలిగ్గా పనిచేయదు. 2025లో ఏపీ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఈ చట్టం రక్షణ ఉండదని, ధ్రువపత్రం రద్దు కానంత మాత్రాన సరిపోదని తీర్పిచ్చింది. ఇప్పుడు కక్షిదారు వస్తే మొదటి గంటలోనే ఈ విషయం అడగాల్సి వస్తోంది. అడిగే నాకూ, చెప్పే వాళ్లకూ ఇబ్బందే.

చార్జిషీటు తర్వాత రావాల్సిన పరిహారం వాయిదా ఆలస్యంగా వచ్చింది. ఎఫ్ఐఆర్ నాడు నాలుగోవంతు, చార్జిషీటు నాడు సగం, శిక్ష పడితే మిగతాది. ఆ డబ్బు వచ్చిన వారమే ఊళ్లో 'కేసు పెట్టింది దానికోసమే' అని పాట మొదలైంది. ఆమె ఆ డబ్బుతో భర్త అప్పు తీర్చింది. కౌలు ఎలాగూ పోయింది.

తీర్పు, ఆ తర్వాత

తిట్టు ఆరోపణల మీద సంశయ లాభం ఇచ్చి నిర్దోషులన్నారు. 3(1)(ఎం) కింద మాజీకీ, ఉపసర్పంచ్‌కీ ఏడాది జైలు, జరిమానా. నిందితుల్లో ఒకడైన, కంప్యూటర్ పని చేసే కుర్రాడిని వదిలేశారు, వదిలేయాల్సిందే. భర్త మీద పెట్టిన తలుపు కేసు కొట్టేశారు. శిక్ష నిలుపుదలైంది, సెక్షన్ 14ఎ కింద అప్పీలు హైకోర్టులో ఉంది. తిట్టు విషయంలో అప్పీలు వేద్దామా అని ఆమెను అడిగాను. ఆ ఇద్దరు సాక్షులను మళ్లీ బజారున పెట్టొద్దంది. వేయలేదు.

ఆ తర్వాత ఇలాంటి కేసులు వచ్చినప్పుడు నా పద్ధతి కొంత మారింది. తిట్టు ఫిర్యాదుతో వచ్చినవాళ్లను ముందు పదవి ఏదైనా ఉందా, అంగన్‌వాడీ గానీ స్వయం సహాయక సంఘం గానీ వార్డు సభ్యత్వం గానీ, దానికి సంబంధించి ఎక్కడైనా స్టాంపు వేయించుకున్న కాగితం ఉందా అని అడుగుతున్నాను. (ఎం) పంచాయతీ, మున్సిపాలిటీ పదవులకే వర్తిస్తుంది, మిగతావాటికి వేరే సెక్షన్లు చూడాలి. అయినా కాగితం పద్ధతి అన్నిటికీ ఉపయోగమే. బాధితుల తరఫు న్యాయవాది బెయిల్ దశ నుంచే కోర్టులో ఉండాలి. 15ఎ సెక్షన్ కింద బాధితురాలికి నోటీసు ఇవ్వడం, ఆమె మాట వినడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. పీపీలు దీన్ని చొరబాటుగా చూస్తే, వాళ్లకు రికార్డుల పని తేలిక చేసి పెట్టడమే మంచి మార్గం. మా పీపీగారు మొదట్లో ముభావంగానే ఉన్నారు, ఓచర్ల పట్టిక చూశాక మారారు.

ఆమె మొన్నామధ్య ఫోన్ చేసింది. రొటేషన్‌లో తమ ఊరు జనరల్ అయితే తను పోటీ చేయొచ్చా అని అడిగింది. చేయొచ్చు, జనరల్ అంటే అందరిదీ అన్నాను. ప్రతిపాదించడానికి ఊరి ఓటరు ఒకరు కావాలి. ఎవరు పెడతారు సంతకం అంటే, సాక్ష్యం చెప్పిన ఇద్దరిలో ఒకాయన పేరు చెప్పింది. గెలుస్తావా అన్నాను. 'గెలవను మేడమ్. ఈపాలి ఏకగ్రీవం మాత్రం అవదు' అంది. నామినేషన్ వేసే రోజున ఎవరైనా అడ్డొస్తే (ఎల్) కింద ఏం రాయాలో ఒక నమూనా ఫిర్యాదు ఆమె మేనకోడలికి వాట్సాప్‌లో పంపాను.